గడప బయట పెద్దకొడుకు: ఒక కథ, నాలుగు ప్రతులు

హనుమకొండలో ప్రతి నెలా రెండో శనివారం మేం కొందరం కథలు చదువుకుంటాం. కార్యశాల అని పేరు పెట్టుకున్నాం గానీ, అది ఒక మిత్రుడి ట్యూషన్ సెంటర్‌లో పైగది. పది పన్నెండు మందిమి చేరతాం. ఎవరైనా కథ తెస్తే జిరాక్స్ తీసి పంచుతాం, చదువుతాం, పోట్లాడుకుంటాం, చాయ్ తాగి లేస్తాం. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి చివరిమాట నాదే అన్నట్టు అందరూ నావైపు చూస్తారు. ఒక కథ విషయంలో నా చివరిమాట రెండుసార్లు తప్పింది. అందుకే రాస్తున్నాను.

రచయిత్రి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, కథ పేరు చెప్పను. ఆమె ప్రైమరీ స్కూల్ టీచరు. నర్సంపేట వైపు ఒక ఊళ్లో వాళ్ల నాన్న పాస్టరు. రేకుల కప్పు ప్రార్థనా మందిరం, అరవై డెబ్బై మంది సంఘం. చిన్నప్పటి నుంచీ వారానికి మూడు ప్రసంగాలు విన్న అమ్మాయి. నేను క్రైస్తవుణ్ణి కాను. కాజీపేటలో మిషన్ బడిలో చదువుకోవడం వల్ల యేసు చెప్పిన ఉపమానాలు మాత్రం నోటికొచ్చు. ఆ నోటికొచ్చినతనమే మా ఇద్దరికీ అడ్డం పడింది.

మొదటి ప్రతి

కథ ఇది. ముసలి తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నోడు తన వాటా భూమి తనకిమ్మని కొట్లాడి, అమ్ముకుని, ఏజెంటుకు కట్టి దుబాయ్ పోతాడు. కంపెనీ వీసా అని చెప్పి ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. జీతం ఇవ్వని చోట నుంచి పారిపోయి ఖల్లివల్లి అవుతాడు. గల్ఫ్‌లో కాగితాల్లేకుండా బతికేవాళ్లను మనవాళ్లు పిలుచుకునే పేరే అది. 2018లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు అవుట్‌పాస్, అంటే ఇంటికి పోవడానికిచ్చే కాగితం, తీసుకుని ఇల్లు చేరతాడు. తండ్రి యాట కోయిస్తాడు. ఇరవై ఏళ్లుగా పొలం చేస్తున్న పెద్దోడు అలిగి బయట నిలబడతాడు. తర్వాత ఏడుస్తాడు, మోకరిస్తాడు, తమ్ముణ్ణి కావలించుకుంటాడు. చివరి పేరాలో పాస్టరు లూకా సువార్త 15వ అధ్యాయం చదువుతాడు. అందులో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ ఉంది: ఆస్తిలో వాటా తీసుకుని దూరదేశం పోయి, అంతా పోగొట్టుకుని పందులు మేపి తిరిగొచ్చిన చిన్నకొడుకుకు తండ్రి దూడను కోసి విందు చేస్తాడు, పెద్దకొడుకు అలిగి బయట నిలబడతాడు.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్ పోయిన ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు తప్పిపోయిన కుమారుడి ఉపమానం తగిలించాలన్న ఆలోచనే మంచిది. పైగా ‘క్షమాభిక్ష’ అన్న మాటను ఆమె కష్టపడి తేలేదు, ఆ రోజుల్లో పేపర్లే రాశాయి. జరిమానా కట్టకుండా, జైలు లేకుండా ఇంటికి పొమ్మని ఒక రాజ్యం అంటే దానికి మన పత్రికలు దేవుడి మాట వాడాయి. కథకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ కథ పేలలేదు. అందరూ ఒక్క క్షణం ఊరుకున్నాక మా వాళ్లలో ఒకాయన ‘మంచి సందేశం మేడం’ అన్నాడు. మా గదిలో ఆ మాట పడిందంటే కథ పోయిందనే లెక్క.

ఎందుకు పోయింది? దుబాయ్ నుంచి వచ్చిన చిన్నోడు ‘తండ్రీ, నీ యెదుట పాపము చేసితిని’ అని మాట్లాడుతున్నాడు. పెద్దోడు కూడా అదే తెలుగు. తెలుగు బైబిలు పూర్తిగా అచ్చయింది పందొమ్మిదో శతాబ్దం నడిమిలో. ఆ గ్రాంథికమే ఇప్పటికీ సంఘాల్లో వాక్యం. రోజూ వినేవాళ్లకు అది పాతగా అనిపించదు, పవిత్రంగా అనిపిస్తుంది. కథలో మనుషుల నోట పెడితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో చిన్న పాస్టరులా వినపడతారు.

నా మొదటి తప్పు

నేను చెప్పిన మందు సులువు: ‘బైబిల్ మొత్తం తీసెయ్యమ్మా. వాక్యాలు వద్దు, పాస్టరు వద్దు, ప్రార్థన వద్దు. మనుషులు మిగులుతారు.’

ఆమె బుద్ధిగా తీసేసింది. రెండో ప్రతి రెండు నెలలకు వచ్చింది. చదువుతుంటే పేపర్లో జిల్లా ఎడిషన్ వార్తలా ఉంది. ‘గల్ఫ్ బాధితుడు స్వగ్రామం చేరిక.’ యాట ఎందుకు కోశారో తెలియదు. తండ్రి ఎందుకంత సంబరపడుతున్నాడో తెలియదు. ఈ ఇంట్లో ప్రార్థన లేకుండా అన్నం తినరు, కొత్త బండి కొంటే పాస్టరయ్యగారితో నూనె రాయించి గాని నడపరు. దాన్నంతా తీసేస్తే మిగిలింది మనుషులు కాదు, పాత్రల పేర్లు. నేను తీయించింది ఉపదేశం అనుకున్నాను, తీయించింది వాళ్ల ఇల్లు.

డోర్నకల్ నుంచి వచ్చే ఒక కుర్రాడు అప్పుడొక మాట అన్నాడు. మెదక్ చర్చి చూడండి సార్, ఇంగ్లండ్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టుంటది. మా డోర్నకల్ చర్చి చూడండి, గుమ్మటాలు, మనూరి రాతి స్తంభాలు, గుడో మసీదో చర్చో దూరం నుంచి తెల్వదు, లోపటికి పోతె తెలుస్తది. మెదక్‌ది 1924లో పూర్తయిన గోథిక్ కట్టడం. డోర్నకల్‌ది 1939లో, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య హయాంలో పూర్తయింది. మొదటి ప్రతి మెదక్, రెండో ప్రతి ఖాళీ షెడ్డు అని నేను నవ్వేశాను గానీ, ఇంటికొచ్చాక ఆ పోలిక వదల్లేదు.

తెలుగులో దారి చూపినవాళ్లు లేకపోలేదు. జాషువా క్రీస్తు కథను నేరుగా చెప్పింది క్రీస్తు చరిత్రలో. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా నాకు సువార్త ఎక్కువ వినపడేది 1941 నాటి గబ్బిలంలో. అది క్రీస్తు కథ కాదు. గుళ్లోకి రానివ్వని మనిషి, గుడి కప్పుకు వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుకుంటాడు, అంతే. పురాణాలు చదువుతాడని క్రైస్తవ పెద్దలకూ, అంటరానివాడని పండితులకూ గిట్టని మనిషి రాసిన కావ్యం అది. ‘సార్, ఆయన పద్యం రాసిండు, నాది కథ’ అందామె. నిజమే. ఆ ఉదాహరణ అక్కడితో ఆగింది.

తెల్ల కాగితం

కథకు మొదట ప్రాణం పోసింది నేను కాదు, సాహిత్యమూ కాదు. మా గుంపులో ఒక రిటైర్డ్ వీఆర్వో ఉన్నారు. రెండో ప్రతి చదివి ఆయన అడిగిన ఒకే ఒక ప్రశ్న: ‘మేడం, గీ భూమి పట్టా భూమా, లావణి పట్టానా?’

ఆమె ఆలోచించి ‘లావణిదే సార్’ అంది. ఆ వాడల్లో ఎక్కువ మందికున్నది సర్కారు ఇచ్చిన భూమే.

‘మరి చిన్నోడు ఎట్ల అమ్మిండు?’

అసైన్డ్ భూమి అమ్మడం, కొనడం చెల్లదని 1977 చట్టం చెబుతుంది. అయినా అమ్ముతారు, తెల్ల కాగితం మీద, సాదాబైనామా రాసుకుని. చెల్లని కాగితం కాబట్టి కొనేవాడు సగం ధరకే అడుగుతాడు. పట్టా తండ్రి పేరు మీద ఉంటుంది కాబట్టి కాగితం మీద వేలిముద్ర కూడా తండ్రిదే పడాలి. అంటే చిన్నోడు అమ్మలేదు. తండ్రి అమ్మాడు, తెలిసి, నష్టానికి, కొడుకు అడిగాడని.

ఆమె నోట్‌బుక్ తీసి గబగబా రాసుకోవడం నాకింకా గుర్తే. ఉపమానంలో కూడా అంతే కదా: కొడుకు అడుగుతాడు, తండ్రి పంచి ఇస్తాడు. తండ్రి బతికుండగా ఆస్తి అడగడం ఆ కాలపు పల్లెల్లో నువ్వెప్పుడు చస్తావని అడగడంతో సమానమని, మధ్యప్రాచ్యంలో ఏళ్ల తరబడి బతికిన బైబిలు పండితుడు కెన్నెత్ బెయిలీ రాశాడు. ఆ ఘాటు మాకు వేలిముద్రలో దొరికింది. మూడో ప్రతిలో ముసలాయన బొటనవేలికి అంటిన సిరా కడుక్కోవడానికి బోరింగు దగ్గర కూర్చుంటాడు. పోదు. గోడకు రుద్దుకుంటాడు. క్షమించే తండ్రి గురించి ఆమె ఒక్క ముక్క రాయలేదు.

లూకాను మళ్లీ చదవడం

అప్పుడు నేను నా మాట వెనక్కి తీసుకున్నాను. బైబిల్ తీసెయ్యడం కాదు, మొదటిసారి చదువుతున్నట్టు చదువుదాం అన్నాను. ఒక శనివారం కథ పక్కన పెట్టి, లూకా 15వ అధ్యాయం 11 నుంచి 32 వరకు ఒక్కో వచనం ఒక్కొక్కరు పైకి చదివాం. గంటన్నర పట్టింది. ఈ కేసులో అసలు పని జరిగింది ఆ గంటన్నరలోనే.

మొదట దొరికింది, పెద్దకొడుక్కి ఎవరూ కబురు చెయ్యలేదన్న సంగతి. అతను పొలంలో ఉన్నాడు. ఇంటికొస్తుంటే వాద్యాలు వినపడ్డాయి. పనివాణ్ణి పిలిచి ఇదేంటని అడిగి తెలుసుకున్నాడు. దూడను కోశారు, పాటలు పెట్టారు, పొలం దాకా ఒక మనిషిని పంపాలని ఎవరికీ తోచలేదు. ఇన్ని ప్రసంగాలు విన్న అమ్మాయికీ, బడిలో నాటకం వేసిన నాకూ ఇది ఎప్పుడూ తగల్లేదు. ‘సార్, అందరికి ఫోన్లున్నయి. ఒక్కలు చెయ్యలే’ అంది ఆమె, ఉపమానం గురించో కథ గురించో తెలియకుండా.

రెండోది మాటల లెక్క. చిన్నోడు పందుల దగ్గర కూర్చుని తండ్రితో చెప్పాల్సింది బట్టీపడతాడు. చివర్లో ‘నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము’ అని ఉంటుంది. ఇంటికొచ్చాక అప్పజెబుతాడు, కానీ ఆ ముక్క నోట్లోంచి రాదు. తండ్రి అప్పటికే బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని కేకేస్తున్నాడు. కూలి సంగతి తెగిపోయింది. ఇక పెద్దోడు ఏమంటాడు? ‘ఇన్నియేండ్ల నుండి నిన్ను సేవించుచున్నానే.’ తెలుగులో సేవించడం మర్యాదగా ఉంది గానీ, గ్రీకులో అక్కడున్న క్రియ బానిసత్వం చేయడం అనే అర్థమిచ్చేది. అది చెప్పగానే మా వీఆర్వో గారు ‘అంటే జీతం ఉన్నడన్నట్టు’ అన్నారు. తెలంగాణలో ఆ మాట బరువు వేరు. దొర దగ్గర కట్టుబడి జీతం ఉన్న తాతలు చాలామందికి ఉన్నారు. చిన్నోడు కూలికి ఉంటానని వచ్చాడు. పెద్దోడు ఇన్నాళ్లూ జీతానికే ఉన్నానని అనుకుంటున్నాడు. ఇద్దరి దృష్టిలోనూ తండ్రి ఒక యజమాని. కృప అంటే ఏంటో చెప్పడానికి పుస్తకాలు రాసినవాళ్లున్నారు, లూకా ఇద్దరు కొడుకుల చేత తప్పు లెక్క వేయించి ఊరుకున్నాడు.

మూడోది సర్వనామం లాంటి చిన్న విషయం. పెద్దోడు ‘తమ్ముడు’ అనడు, ‘యీ నీ కుమారుడు’ అంటాడు. ‘తండ్రీ’ అని కూడా పిలవడు. తండ్రి మాత్రం జవాబులో ‘ఈ నీ తమ్ముడు’ అని దిద్దుతాడు. మన ఇళ్లలో అలిగినవాళ్లు మాట్లాడేది అచ్చం ఇట్లాగే. మొగుడి మీద కోపమొస్తే ‘మీ కొడుకు’ అని అత్తకు చెప్పే కోడళ్లను అడగండి.

చివరిది చివరి వాక్యం. ‘తప్పిపోయి దొరకెను’ అనడంతో అధ్యాయం ముగుస్తుంది. పెద్దకొడుకు లోపలికి పోయాడా? లేదు. పోలేదా? అదీ లేదు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు, మాట అయిపోయింది, అంతే. అధ్యాయం మొదట్లో పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరులు యేసు పాపులతో కలిసి భోంచేస్తాడని సణుగుతుంటారు, ఈ కథ చెప్పింది వాళ్లకే. బయట నిలబడ్డది వాళ్లే కాబట్టి ముగింపు వాళ్ల చేతిలోనే పెట్టాడు. మన కథా విమర్శకులు ఆధునిక కథ లక్షణమని చెప్పే ఓపెన్ ఎండింగ్, ఒకటో శతాబ్దపు పుస్తకంలో ఉంది. మూసేసింది మనం.

భాష సంగతి కూడా ఆ రోజే తేలింది. ఎరిక్ అవుర్‌బాక్ అనే జర్మన్ యూదు పండితుడు నాజీల కాలంలో ఇస్తాంబుల్‌లో తలదాచుకుని పాశ్చాత్య సాహిత్యంలో వాస్తవికత మీద పెద్ద పుస్తకం రాశాడు, 1946లో వచ్చింది. గ్రీకు రోమన్ సాహిత్యంలో చేపలు పట్టేవాడు హాస్యానికే పనికొస్తాడు, విషాదం రాజులకు. మార్కు సువార్తలో చేపలు పట్టే శిష్యుడు పేతురు చలిమంట దగ్గర ఒక పనిమనిషికి భయపడి యేసెవరో నేనెరగనంటాడు, ఆ మామూలు మనిషి ఏడుపు ప్రపంచ విషాదం అవుతుంది. దేవుడే పశువుల తొట్టిలో పుట్టాడని నమ్మాక ఏది గొప్ప విషయం, ఏది చిన్న విషయం అన్న లెక్క నిలవదు. ఆధునిక నవల నడిచే దారి అక్కడ ఒక మలుపు తిరిగిందని ఆయన వాదన. దీనికి నేనొకటి కలిపాను. మత్తయి ప్రకారం పేతురును పట్టిచ్చింది అతని యాస. ‘నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది’ అంటారు అక్కడివాళ్లు. గలిలయ యాస! ఆమె నవ్వి, ‘అయితే మా బాపు యాసల రాయొచ్చన్నట్టు’ అంది.

మూడో ప్రతి, పాస్టరయ్యగారు

మూడో ప్రతిలో పెద్దోడు ఎనుమాముల మార్కెట్ నుంచి తిరిగొస్తుంటాడు. పత్తి అమ్మడానికి పోయాడు. తేమ ఎక్కువుందని ధర కోశారు. జేబులో తక్‌పట్టీ, అమ్మిన సరుకు లెక్క రాసిన చీటీ. ఫోన్ వెనక ప్లాస్టిక్ కవర్‌లో వాగ్దాన కార్డు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక్కొక్కరు ఒక్కో కార్డు తీస్తారు, ఏడాదంతా ఆ వాక్యం తమదని దాచుకుంటారు. ఆ ఏడు అతనికొచ్చింది ‘నావన్నియు నీవి’. లూకా 15:31. తండ్రి పెద్దకొడుకుతో అన్న మాటే. ఆమె దాన్ని ఎక్కడా వివరించలేదు, వాక్యం నంబరు కూడా ఇవ్వలేదు. బస్టాండు మలుపు తిరగ్గానే డప్పులు వినపడతాయి.

నేను చాలా సంతోషపడ్డాను. రచయిత్రి ఆ కథను వాళ్ల నాన్నకు చూపించింది. ఆయన ఒకరోజు పని మీద హనుమకొండ వచ్చి, నన్ను కలవాలని కబురు పెట్టారు. చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాం. తెల్లచొక్కా, చేతిలో జిప్ ఉన్న బైబిలు.

‘సార్, కథ బాగుంది గని, మారుమనస్సు ఏది? పెద్దోడు లోపటికి రాకుంట ఆపితే ఎట్ల?’

‘అయ్యగారూ, లూకా కూడా అక్కడే ఆపాడు కదా’ అన్నాను, గెలిచినట్టే అనుకుంటూ.

‘అది నాకెరుకే సార్. ముప్పై ఏండ్ల సంది చెప్తున్న వాక్యం. కని నేను ఎన్నడు ఆడ ఆపలే. ముంగట కూసున్నోళ్లల్ల నిజంగనే మాటల్లేని అన్నదమ్ములుంటరు. ఆడోళ్లు వాళ్ల దిక్కు సూస్తుంటరు. వాళ్లను గడప బయట నిలవెట్టి చివరి కీర్తన పాడియ్యమంటరా?’

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఉపదేశం అనగానే మన సాహిత్యకారులం ముక్కు విరుస్తాం. కానీ ప్రసంగం చెప్పేవాడికి ఎదుట ఉన్నది పాఠకుడు కాదు, మళ్లీ ఆదివారం మొహం చూడాల్సిన మనిషి. చావుకు, పెళ్లికి పిలిచే మనిషి. వాళ్లను ఎటో ఒక వైపు చేర్చడం ఆయన పని. కథకు ఆ బాధ్యత లేదు కాబట్టే కథ నిజాయితీగా ఉండగలుగుతోందేమో, అందులో మన గొప్ప ఎంతో నాకు అనుమానమే. దైవశాస్త్రమూ సాహిత్యమూ ఒకటే చెబుతాయని సభల్లో తరచూ అంటుంటారు. నా అనుభవంలో రెండూ ఒకే కథను ఒకే చోటి దాకా మోసుకొస్తాయి. అక్కడ ఒకటి దించుతుంది, ఇంకొకటి దించలేదు.

అయ్యగారు రెండో చాయ్ వద్దన్నారు. పోతూ పోతూ ‘ఆ బొటనవేలు సిరా మాత్రం... అది మా నాయినది. అమ్మాయికి ఎవరు చెప్పిండ్రో’ అన్నారు.

నా రెండో తప్పు

మూడో ప్రతి చదివిన రోజే గుంపులో ఒక పీజీ విద్యార్థిని అడిగింది: ‘ఆడోళ్లేరి?’ ఉపమానంలో తల్లి లేదు, అక్కాచెల్లెళ్లు లేరు. యాటను కోసినప్పుడు మసాలా నూరిందెవరు? ‘అది ఇద్దరన్నదమ్ముల కథమ్మా, దాన్ని పలచన చెయ్యొద్దు’ అని కొట్టిపారేశాను. పెద్దోడి కోణం బిగువుగా ఉంది, చెడగొట్టడం దేనికని నా భయం.

అయ్యగారితో మాట్లాడి వచ్చాక నిద్ర పట్టక, ఈ ఉపమానాన్ని ఆధునిక రచయితలు ఏం చేశారో మళ్లీ తిరగేశాను. ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ 1907లో రాసిన దాంట్లో ఇంకో తమ్ముణ్ణి పుట్టించాడు. తిరిగొచ్చినవాడు తండ్రితో, అన్నతో, తల్లితో మాట్లాడి, చివరికి ఆ చిన్న తమ్ముణ్ణి ఇల్లు వదిలి పొమ్మని సాగనంపుతాడు. అందులో అన్న గొంతు చర్చి గొంతులా వినపడుతుంది. జర్మన్ భాషా కవి రిల్కే 1910 నాటి నవల చివర్లో దీన్ని ప్రేమించబడడం ఇష్టం లేనివాడి కథ అన్నాడు. ఇద్దరికీ ఇంట్లోంచి బయటపడడం మీదే ధ్యాస. అమెరికన్ రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్ 2008 నవల వేరు. ఇరవై ఏళ్లకు కొడుకు తిరిగొస్తాడు. తండ్రి రిటైరైన ప్రెస్బిటేరియన్ పాస్టరు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ఆ తండ్రే, తీరా కొడుకు వచ్చాక పూర్తిగా క్షమించలేకపోతాడు. కొందరు నశించడానికే పుడతారా అని కొడుకు అడిగితే, ఎవరికి రక్షణో దేవుడు ముందే నిర్ణయించాడనే కాల్విన్ వేదాంతం అంతా ఆ ఇంటి అరుగు మీదికి దిగుతుంది. ఇదంతా మనం చూసేది ఎవరి కళ్లతో? ముసలి తండ్రికి వండి పెట్టడానికి ఇంటికొచ్చిన చెల్లెలి కళ్లతో.

పొద్దున్నే ఆ పీజీ అమ్మాయికి ఫోన్ చేసి, నువ్వన్నదే సరైంది అన్నాను. తర్వాత రచయిత్రికి చేశాను. ‘నేనూ అదే అనుకుంటున్న సార్, మీరు వద్దన్నరని ఊకున్న’ అంది. ఈ ఒక్క వాక్యం కోసం ప్రతి కార్యశాల నిర్వాహకుడూ నెలకోసారి చెంపలు వేసుకోవాలి.

నాలుగో ప్రతిని పెద్దోడి భార్య చెబుతుంది. పొయ్యి దగ్గర ఆమె, లోపల సంబరం, బయట మొగుడు. ఆయన్ను పిలవమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, పిలవొద్దనీ చెప్పలేదు. ముగింపు దగ్గరి ఏడు వాక్యాలు రచయిత్రి ఒప్పుకోలుతో ఇక్కడ ఇస్తున్నాను:

‘ఆయన గడెంచల కూసున్నడు. ఫోన్ బోర్ల పడేసున్నది, ఎనక కార్డు అక్షరాలు బుగ్గ ఎలుగుకు మెరుస్తున్నయి. మామ పక్కపొంటి నిలవడ్డడు, కాళ్లకు చెప్పుల్లెవ్వు. ఇద్దరు మాట్లాడుతలేరు. నా చేతుల తలె ఉన్నది. కూర మీద కొవ్వు పేరుకుంటాంది. ఇంగ జెరసేపైతె ఇది ఎవలు తినరు.’

తండ్రి చెప్పుల్లేకుండా ఎందుకున్నాడో కథలో ముందే వచ్చింది. బస్సు ఆగగానే మంచంలోంచి లేచి ఉరికాడు. మోకాళ్లు పట్టేసిన ముసలోడు, ఊరంతా చూస్తుండగా ఉరికాడు. ఉపమానంలోనూ తండ్రి పరుగెత్తుతాడు. పెద్దమనిషి అన్నవాడు పరుగెత్తని సమాజం అది. చిన్నకొడుకు కోసం ఉరికిన కాళ్లే పెద్దకొడుకు కోసం బయటికొచ్చి నిలబడ్డాయి. ఇది నేను ఇక్కడ చెబుతున్నాను గానీ కథలో ఆమె చెప్పలేదు, మంచిదైంది.

‘ఇంగ జెరసేపైతె ఇది ఎవలు తినరు’ అన్న వాక్యం మీద గుంపులో అరగంట గొడవ జరిగింది. వీఆర్వో గారికి అది కూర గురించే. డోర్నకల్ కుర్రాడికి అది ప్రభు భోజనం గురించి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం గురించి. రచయిత్రి మాత్రం చాయ్ కప్పులు కడగడానికి లేచి పోయింది.

తర్వాత

మొదటి ప్రతి నుంచి చివరిదాకా పదకొండు నెలలు పట్టింది. కథ ఒక మాసపత్రికకు పంపింది, నాలుగు నెలలకు అచ్చయింది. పత్రిక పేరు అనవసరం. యాసను చాలావరకు ఉంచారు, అక్కడక్కడ దిద్దారు, అది ఊహించిందే. ఊహించనిది ఒకటి ఉంది. ‘ఎవలు తినరు’ తర్వాత అచ్చులో ఇంకో వాక్యం కనపడింది: ‘అప్పుడే ఆయన లేచి లోపలికి నడిచాడు.’ ఆమె రాయలేదు. నేను రాయలేదు.

ఆమె నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఎడిటర్‌కు ఉత్తరం రాయమన్నాను, రాసింది, జవాబు ఇంకా రాలేదు. ఆ వారంలోనే రాత్రి తొమ్మిదింటికి అయ్యగారి ఫోన్.

‘సార్, ఆ ఆఖరి లైను మీరు పెట్టిచ్చిండ్రా?’

‘లేదు అయ్యగారూ. పత్రికవాళ్లు పెట్టారు.’

‘అగో. నేను మీరే అనుకున్న. నా మాట మన్నించి పెట్టిచ్చిండ్రేమో అని.’ కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక టీవీ వినపడుతోంది. ‘అయితె తీసెయ్యమను సార్. సంఘంల చదువుదామని అమ్మాయి కాడికెల్లి జిరాక్స్ తీసుకున్న. పెన్నుతోని కొట్టేస్త.’